మునిగాక చలేమిటనే ఆదివారం



బరువు తగ్గడం ఎలాగో చెప్పేవాళ్ళకి మన దగ్గర కొదవ లేదు. పత్రిక తిరగేస్తే అదే, ఫోను తెరిస్తే అదే, పెళ్ళిపందిట్లో పక్కన కూర్చున్న పిన్నిగారు చెప్పేదీ అదే. తేనె నిమ్మకాయ నీళ్ళ దగ్గర్నుంచి కొర్రలు, సామల దాకా అందరి దగ్గరా ఏదో ఒక మంత్రం ఉంది. తగ్గిన తర్వాత ఏమవుతుందో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ తర్వాతి సంగతి. అందులోనూ శనివారం సాయంత్రం మొదలై ఆదివారం రాత్రికి గాని ముగియని ఒక చిత్రమైన తిండి గురించి.

ఒక ఇల్లాలిని ఊహించుకోండి. నలభై దాటింది. ఇద్దరు పిల్లలు. "షుగరు అంచున ఉన్నారమ్మా" అని డాక్టరు అన్నాక గట్టిగా పట్టు పట్టి ఆరు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గింది. జాకెట్లన్నిటికీ కుట్లు వేయించుకుంది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆవిడ తిండికి ఒక లెక్క ఉంది. పొద్దున్న కాఫీ, పదకొండింటికి రెండిడ్లీ, మధ్యాహ్నం కప్పు అన్నం, కూర, మజ్జిగ. రాత్రికి ఒక పుల్కా, ఒక్కోరోజు అదీ లేదు. శనివారం ఒంటిపూట. ఆదివారం పొద్దున్న ఇంటిల్లిపాదికీ పెసరట్టూ ఉప్మా చేసిపెట్టి తను ఒక్క అట్టుతో సరిపెట్టుకుంటుంది. మధ్యాహ్నం పులావు, కూర, చుట్టాలు. అందరికీ వడ్డించి, రెండున్నరకి వంటింట్లో ఒక్కతే కూర్చుంటుంది. మొదట ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని ఒక ముద్ద. తర్వాత గిన్నె అడుగున మిగిలింది పారేయడమెందుకని. తర్వాత ఫ్రిజ్‌లో ఉన్న మొన్నటి మైసూర్‌పాకు. ఆ తర్వాత పిల్లల చిప్స్ పాకెట్టు. రుచీ తెలియదు, కడుపు నిండిన సంగతీ తెలియదు. ఎవరైనా వంటింటివైపు వస్తున్న చప్పుడైతే పాకెట్టు కొంగు చాటుకి వెళ్ళిపోతుంది. సోమవారం పొద్దున్న మిషనెక్కితే కిలోన్నర ఎక్కువ. ఆ రోజంతా మంచినీళ్ళూ, మజ్జిగా. మళ్ళీ శుక్రవారం దాకా కటకట. మళ్ళీ ఆదివారం.

ఈవిడ మన వీధిలోనూ ఉంది, మన అపార్టుమెంటులోనూ ఉంది. కాకపోతే బయటికి చెప్పదు. చెబితే "నోరు కట్టుకోలేవా?" అంటారని ఆవిడకి తెలుసు. అసలు ఆవిడ తనను తాను అనుకునేది కూడా అదే.

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. పండగనాడు నాలుగు బూరెలు ఎక్కువ తినడం వేరు, ఇది వేరు. కొత్తావకాయ కలిపినరోజు ముద్దపప్పు, నెయ్యి వేసుకుని మామూలుకన్నా రెండు ముద్దలు ఎక్కువ తిననివాళ్ళు మనలో ఎవరున్నారు? అది నలుగురితో కూర్చుని, రుచి తెలిసి, సంతోషంగా తిన్న తిండి. నేను చెప్పేది ఆబగా తినడం. ఆపుదామనుకున్నా చెయ్యి ఆగకపోవడం, గబగబా తినడం, ఆకలి లేకపోయినా తినడం, సిగ్గుపడి చాటుగా తినడం, తిన్నాక తనమీద తనకే అసహ్యం వేయడం. ఇందులో ఎంత తిన్నారన్నదొక్కటే ముఖ్యం కాదు, పగ్గం చెయ్యి జారిపోయిందా లేదా అన్నదీ చూడాలి. 1959లో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు ఈ తరహా తిండిని గమనించి రాశారు. దీన్ని ప్రత్యేకంగా ఒక జబ్బు కింద లెక్కవేసి అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో చేర్చింది 2013లో. అంటే యాభై ఏళ్ళకు పైగా, ఇది తిండియావ మాత్రమే అనుకున్నవాళ్ళే లోకంలో ఎక్కువన్నమాట.

మరి తిండియావ కాకపోతే ఏమిటి?

దీనికి జవాబు ఎక్కడ దొరికిందంటే ఒక ఫుట్‌బాల్ స్టేడియం కింద గదుల్లో దొరికింది! రెండో ప్రపంచయుద్ధం ముగింపుకొస్తున్న రోజులు. యూరపులో జనం తిండిలేక మాడిపోతున్నారు. అలా కృశించినవాళ్ళకి మళ్ళీ తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోవడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 1944 నవంబరులో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో తుపాకి పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోని 36 మంది యువకులు తమంతట తామే ముందుకొచ్చారు. ఒంట్లోనూ, మనసులోనూ ఏ లోపమూ లేనివాళ్ళని ఏరి మరీ తీసుకున్నారు. ఆరు నెలలపాటు వాళ్ళకి రోజుకి రెండు పూటలు, సుమారు 1,570 కాలరీల తిండి. బంగాళాదుంపలు, రొట్టె, మాకరోనీ, అలాంటివి. వారానికి 35 కిలోమీటర్ల నడక. ఆరు నెలలయ్యేసరికి ఒక్కొక్కరి బరువులో నాలుగోవంతు కరిగిపోయింది.

బరువు సరే, బుర్రల్లో జరిగింది చూడండి. అంతకుముందు వంటింటి మొహం చూడని కుర్రాళ్ళు వంటల పుస్తకాలు పోగుచేసుకోవడం మొదలుపెట్టారు. భోజనాన్ని గంటల తరబడి సాగదీసేవారు. కంచాలు నాకేవారు. చదువు, రాజకీయం, ప్రేమ అన్నీ వెనక్కిపోయి ఎప్పుడూ తిండి గురించే ఆలోచన. ఆ తర్వాత పన్నెండు వారాలు తిండిని మెల్లిమెల్లిగా పెంచి, ఆపైన "ఇక మీ ఇష్టం" అన్నారు. అప్పుడు కొందరు రోజుకి అయిదు వేల కాలరీలు దాటి, పదివేల దాకా తిన్నారు. కడుపు పగిలేట్టున్నా ఆకలి తీరలేదన్నారు. ఒకతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి కడుపులోది బయటికి తీయించాల్సి వచ్చింది. వాళ్ళంతా నోరు కట్టుకోలేనివాళ్ళా? ఆరు నెలలు కట్టుకున్నవాళ్ళే కదా! 1950లో కీస్, ఆయన తోటివాళ్ళు ఈ వివరాలన్నీ రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేశారు.

మనమెవరమూ బరువులో నాలుగోవంతు పోగొట్టుకునేంత మాడం, నిజమే. కాని వారంలో అయిదు రోజులు మాడినా శరీరం వేసుకునే లెక్క ఆ పద్ధతిలోనిదే. దానికి డైటింగ్ అన్న మాట తెలియదు. తెలిసిందల్లా కరువు. కరువొచ్చిందనుకుని, దొరికినప్పుడు దొరికినంత నింపుకోమంటుంది.

ఇది ఊరికే ఉపమానానికి చెబుతున్న మాట కాదు. మన ఒంట్లోని కొవ్వు నుంచి లెప్టిన్ అనే హార్మోను ఊరుతుంది. కొవ్వు చాలినంత ఉందని మెదడుకి కబురు చెప్పేది అదే. దాన్ని 1994లో కనుక్కున్నారు. బరువు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, మెదడు ఆకలి పెంచుతుంది. 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుక్కున్న గ్రెలిన్ అనే మరొకటి కడుపులో ఊరుతుంది. ఇది ఆకలి వేయించేది. బరువు తగ్గినవాళ్ళలో ఇది పెరుగుతుంది. 2011లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వైద్యులు ఒక సంగతి ప్రకటించారు. పదివారాలు బాగా తక్కువ తిండి పెట్టి బరువు తగ్గించినవాళ్ళకి, ఏడాది గడిచాక మళ్ళీ రక్తపరీక్ష చేస్తే ఈ హార్మోన్లు ఇంకా పాత స్థాయికి రాలేదు. ఆకలి ఇంకా ఎక్కువగానే ఉంది. అంటే మన ఇల్లాలు మైసూర్‌పాకు ముందు ఓడిపోయినప్పుడు ఆవిడతో పోరాడుతున్నది ఒక్క నాలుకే కాదు.

ఇది శరీరం సంగతి. మనసు చేసే తమాషా మరొకటుంది. మనవాళ్ళు "మునిగినవాడికి చలేమిటి" అంటారు చూడండి, సరిగ్గా అదే. 1975లో అమెరికాలో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ అమ్మాయిల మీద ఒక చిన్న ప్రయోగం చేశారు. కొందరికి మిల్క్‌షేకు తాగించారు, కొందరికి ఇవ్వలేదు. తర్వాత అందరి ముందూ ఐస్‌క్రీము పెట్టి "రుచులెలా ఉన్నాయో చెప్పండి, ఎంతైనా తినండి" అన్నారు. తిండి విషయంలో పట్టింపు లేని అమ్మాయిలు మిల్క్‌షేకు తాగితే ఐస్‌క్రీము తక్కువ తిన్నారు. న్యాయంగా జరగాల్సింది అదే కదా. ఎప్పుడూ బరువు గురించి ఆలోచిస్తూ నోరు కట్టుకునే అమ్మాయిలు మాత్రం మిల్క్‌షేకు తాగాక ఐస్‌క్రీము ఇంకా ఎక్కువ తిన్నారు! ఇవాళ్టి నియమం ఎలాగూ పోయింది, ఇంకేమిటి అన్న ధోరణి. రేపట్నుంచి మళ్ళీ మొదలుపెడతాంగా, ఇవాళే కదా తినేది అన్న ఆత్రం. ఆదివారం మధ్యాహ్నం మొదటి మైసూర్‌పాకు ముక్క ఆవిడ్ని ముంచలేదు. "ఇక చెడ్డాను" అనుకున్న ఆ ఒక్క క్షణమే తక్కిన డబ్బానంతా ఖాళీ చేయించింది.

ఇప్పుడు సోమవారం సంగతి చెబుతాను. ఇది ప్రతివాళ్ళూ తెలుసుకోవలసింది. ఆదివారం తిన్నదానికి సోమవారం కిలోన్నర పెరిగిందంటే అదంతా కొవ్వు అనుకుంటాం. లెక్క వేద్దాం. ఒక కిలో కొవ్వు పేరుకోవాలంటే ఖర్చుకి పైగా సుమారు 7,700 కాలరీలు తినాలి. కిలోన్నరకి పదకొండు వేలకి పైమాటే. ఒక్కరోజులో అంత తినడం మనవల్ల అయ్యే పని కాదు. మరి మిషను అబద్ధం చెప్పిందా అంటే, అదీ కాదు. వారమంతా అన్నం తగ్గించినప్పుడు ఒంట్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థపు నిలవ తగ్గుతుంది. ఆదివారం అన్నం, స్వీటు పడగానే ఆ నిలవ మళ్ళీ నిండుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజనూ తనతోబాటు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుకుంటుంది. పైగా ఆవకాయ, అప్పడాలు, చిప్సు, హోటలు కూరల్లోని ఉప్పు మరికొంత నీటిని నిలబెడుతుంది. నెలసరి ముందు రోజులైతే చెప్పనే అక్కర్లేదు. కాబట్టి సోమవారం కాటా మీద కనిపించే పెరుగుదలలో చాలాభాగం నీరే. మామూలుగా తింటూ ఉంటే గురువారం, శుక్రవారం నాటికి దానంతట అదే దిగుతుంది.

అయితే ఇంత తిన్నా ఫరవాలేదా అంటారేమో. ఫరవాలేదని నేననను. అయిదు రోజులు రోజుకి నాలుగు వందల కాలరీల చొప్పున తగ్గించి తిన్నామనుకోండి, రెండు వేలు మిగిలాయి. శని, ఆదివారాల్లో రోజుకి వెయ్యి ఎక్కువ తింటే ఆ రెండు వేలూ చెల్లు. వారమంతా కష్టపడి ఉన్నచోటే ఉన్నాం. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ఇదే చూపించారు. తిండి తగ్గించుకుంటున్నవాళ్ళు మామూలు రోజుల్లో తగ్గుతూ, శని ఆదివారాల్లో తగ్గడం మానేస్తున్నారు. కాబట్టి నష్టం ఉంది. కాని సోమవారం కడుపు మాడ్చుకుంటే ఆ నష్టం పూడదు. వచ్చే ఆదివారానికి పెట్టుబడి అవుతుంది, అంతే. ఈ గొలుసులో తెంపదగ్గ లంకె ఏదని నన్నడిగితే, ఆదివారం మధ్యాహ్నం కాదు, సోమవారం పొద్దున్న అంటాను.

ఏం చెయ్యాలన్న దగ్గరికొద్దాం. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అనే వైద్యుడు ఈ బాధకి ఏళ్ళ తరబడి చికిత్స చేసి, ఒక పద్ధతి ఏర్పరచి, 1995లో మామూలు జనం కోసం పుస్తకం కూడా రాశాడు. ఆయన మొట్టమొదట చెప్పేది వింటే చాలామందికి ఆశ్చర్యం వేస్తుంది. తిండి తగ్గించమనడు, వేళకి తినమంటాడు. రోజుకి మూడు భోజనాలు, మధ్యలో రెండు చిరుతిళ్ళు. రెండింటి మధ్య నాలుగు గంటలకి మించి ఎడం వద్దు. ఆకలేసినా వేయకపోయినా ఆ వేళకి తినాలి. నిన్న ఎంత తిన్నా సరే ఇవాళ మానకూడదు.

మన ఇళ్ళలో ఇది ఎలా కుదురుతుంది? పొద్దున్న ఎనిమిదింటికల్లా పలహారం. పిల్లల బస్సు వెళ్ళాక, ఆయన ఆఫీసుకి వెళ్ళాక, పనిమనిషి వెళ్ళాక అంటూ పదకొండు చేయకండి. పెనం మీద మొదటి దోసె మీరు తింటే ఇల్లేమీ కూలిపోదు. పన్నెండున్నరకి అన్నం. అందులో పప్పో, గుడ్డో, చేపో, గడ్డపెరుగో ఉండాలి. ఉట్టి చారన్నం రెండు గంటల్లో ఆకలి పుట్టిస్తుంది. నాలుగింటికి గుప్పెడు శనగ గుగ్గిళ్ళో, వేయించిన వేరుశనగలో, ఒక జామకాయో. ఈ నాలుగింటి చిరుతిండిని తక్కువగా చూడకండి. సాయంత్రం ఆరింటికి వంటింట్లో నిలబడి డబ్బాలు తెరిచే అలవాటుకి ఇదే విరుగుడు. రాత్రి ఎనిమిదింటికి భోజనం. పుల్కాలే తినండి, అన్నమే తినండి, మానడం మాత్రం వద్దు. ఇలా తింటే లావైపోతామని భయపడతారు. ఆబగా తినే రోజులు తగ్గిపోవడంతో చాలామందిలో మొత్తం మీద తిండి పెరగదు. బరువు ఇంకా తగ్గాల్సి ఉంటే ఆ పని కొన్ని వారాలు పక్కన పెట్టండి. రెండు పనులూ ఒక్కసారి పెట్టుకుంటే ఏదీ కాదు.

శనివారం ఒంటిపూట గురించి అడుగుతారని తెలుసు. ఒంటిపూట అనండి, ఒక్కపొద్దు అనండి, అది మీకూ ఆ ఏడుకొండలవాడికీ మధ్యనున్న విషయం. నేను వద్దనను. కాని మధ్యాహ్నం దాకా ఉట్టి కాఫీ మీద ఉండి, ఆ ఒక్క పూటా డైటింగు పేరిట గుప్పెడు మెతుకులు తిని, రాత్రి పలహారం కూడా మానేస్తే అది భక్తి ఖాతాలోకి వెళ్ళదు, ఆదివారం ఖాతాలోకి వెళ్తుంది. పొద్దున్న పాలో పండో తీసుకోండి. మధ్యాహ్నం పప్పు, కూర, పెరుగుతో తృప్తిగా భోంచేయండి. రాత్రి ఇడ్లీయో, ఉప్మాయో కడుపునిండా తినండి. షుగరుకి మాత్రలు వేసుకుంటున్నవాళ్ళు, ఇన్సులిన్ తీసుకుంటున్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా ఉపవాసాలు చేయనేకూడదు. చక్కెర హఠాత్తుగా పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక ఆదివారం. ఇది తిండి సమస్య మాత్రమే కాదని నా అభిప్రాయం. ఆదివారం ఇంట్లో అందరికీ సెలవు, ఆవిడకి తప్ప. మామూలు రోజుల్లో పదిగంటలకి ఇల్లు ఖాళీ అయ్యాక కాస్త ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. ఆదివారం అదీ లేదు. పలహారం పదింటి దాకా సాగుతుంది, భోజనం రెండింటి దాకా. మధ్యలో "అమ్మా, ఇంకొక అట్టు", "ఏమే, కాఫీ". అందరూ తిని టీవీ ముందు చేరాక ఆవిడకి దొరికే ఒక్క ఏకాంతం ఆ వంటిల్లు. దొరికే ఒక్క సుఖం ఆ గిన్నె. వారమంతా నోరు కట్టుకుని, వారమంతా చాకిరీ చేసి, మనసులోని విసుగు ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఆవిడ తనకు తాను ఇచ్చుకునే సెలవు అదే. దాన్ని లాగేసుకుని "నీళ్ళు తాగు" అంటే ఎలా? బదులు ఇంకేదైనా ఇవ్వాలి.

అంచేత ఆదివారం చివర తినడం మానండి. అందరితోబాటు కూర్చోండి. గిన్నెలన్నీ బల్లమీద పెట్టేస్తే ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకుంటారు. పదేళ్ళ పిల్లవాడికి చేతులున్నాయి, వాళ్ళ నాన్నగారికీ ఉన్నాయి. బిర్యానీ అయినా, పనసకాయ కూరైనా, మీక్కావలసినంత మీ కంచంలో పెట్టుకుని కూర్చుని తినండి. గిన్నెలోంచి, పార్సిలు డబ్బాలోంచి తింటే ఎంత తిన్నామో కళ్ళకి తెలియదు. భోజనమైన వెంటనే మిగిలింది డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టే పని ఇంకొకరికి అప్పజెప్పండి. పారేయడం పాపమని మనం తినేస్తుంటాం. ఆకలి లేని కడుపులో వేసినా అది వృథానే. వాచ్‌మన్ పిల్లలకి పెట్టొచ్చు, రాత్రికి దాచొచ్చు, వండడమే కాస్త తగ్గించొచ్చు. మూడింటినుంచి నాలుగింటి దాకా వంటింటి దీపం ఆర్పేసి బయటికి రండి. పడుకోండి, చెల్లెలికి ఫోను చేయండి, మేడమీద బట్టలు తీసే నెపంతో పది నిమిషాలు గాలి పోసుకోండి. సాయంత్రం వంట ఇంకెవరిదైనా అయితే మరీ మంచిది. ఉప్మా మాడితే మాడుతుంది.

తినెయ్యాలన్న కోరిక వచ్చినప్పుడు అది పెరుగుతూ పెరుగుతూ మనల్ని మింగేదాకా ఆగదనిపిస్తుంది. అలా ఏం కాదు. కెరటం లాగా లేస్తుంది, కాసేపటికి విరుగుతుంది. ఆ కాసేపు గడపడానికి ముందే నాలుగు పనులు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించుకోమంటారు వైద్యులు. ఆ క్షణంలో బుర్ర పనిచేయదు గనక ముందే రాసుకోవాలి. శనివారం రాత్రి సినిమాలు చూస్తూ ఒంటిగంట దాకా మేలుకోవడం కూడా తగ్గించండి. నిద్ర తక్కువైన మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది.

ఇంకొకటి. మైసూర్‌పాకు, జంతికలు, పూరీలు "జన్మలో ముట్టుకోను" అన్న ఒట్లు తీసి గట్టున పెట్టండి. ఏది నిషేధమో దానిమీదికే మనసు పోతుంది. మంగళవారమో, బుధవారమో, భోజనం అయ్యాక, నలుగురి మధ్య, ఒక చిన్న ముక్క పళ్ళెంలో పెట్టుకుని తినండి. వారం మధ్యలో దొరికేదానికి ఆదివారం అంత మోజు ఉండదు. మొదట్లో ఇంట్లో డబ్బాల కొద్దీ నిలవ ఉంచకుండా ఆ పూటకి కావలసింది తెచ్చుకుంటే భయం తగ్గుతుంది. చుట్టాలింట్లో "ఇంకొక్కటి వదినా, నామీద ఒట్టు" అన్నప్పుడు "డైటింగులో ఉన్నాను" అంటే చర్చ మొదలవుతుంది. "చాలా బావుంది, కాసేపాగి వేసుకుంటాను" అంటే ఎవరికీ నొప్పి ఉండదు.

మిషను వారానికొక్కసారి చాలు, అదీ శుక్రవారం పొద్దున్న. సోమవారం దాని మొహం చూడకండి. బదులు ఒక నోటుబుక్కు పెట్టండి. చాకలిపద్దు రాసినట్టు రాస్తే సరి: ఎన్నింటికి, ఏం తిన్నాను, ఎక్కడ, పక్కన ఎవరున్నారు, మనసెలా ఉంది, చెయ్యి ఆగలేదా. కాలరీలు రాయనక్కర్లేదు. నాలుగు వారాలు రాస్తే మీకే ఏదో ఒకటి కనిపిస్తుంది. ఒకరికి ముందురోజు రాత్రి అన్నం మానడం, ఒకరికి అత్తగారి ఫోను, ఒకరికి చుట్టాలొచ్చి వెళ్ళిన సాయంత్రం. నెలకి నాలుగు ఆదివారాలూ జారిపోయేవాళ్ళు మూడుకి దిగితే అది పురోగతే. ఆ నాలుగో ఆదివారం ఎలా గడిచిందో బుక్కులో చూడండి.

ఇంట్లోవాళ్ళకి కూడా ఒక మాట. "తగ్గావని మురిసిపోయాం, మళ్ళీ మొదలెట్టావా?" అని వేళాకోళానికైనా అనకండి. ఆ మాట విన్నాక ఆవిడ తినడం మానదు, మీకు కనబడకుండా తింటుంది.

ఇవన్నీ చేసినా కొందరికి తగ్గదు. వారానికొకసారైనా ఇలా ఆబగా తినడం మూడు నెలలుగా సాగుతూ, మనసు కుంగిపోతూ ఉంటే అది వైద్యం అవసరమైన బాధ. అసిడిటీకి వెళ్ళినంత మామూలుగా దానికీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తిన్నది పోవాలని వేలు పెట్టుకుని వాంతి చేసుకుంటున్నా, విరేచనాల మందులు మింగుతున్నా మూడు నెలలు ఆగొద్దు. ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదముంది. మానసిక వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టులు దీనికి మాటలతోనే చికిత్స చేస్తారు, చాలామందికి గుణమిస్తుంది. ఎవరిని అడగాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే ఉచిత ఫోను సేవ ఉంది. నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ నోటుబుక్కు పట్టుకెళ్ళండి. సిగ్గుపడి నోటితో చెప్పలేకపోయినా ఆయన ముందు తెరిచి పెడితే చాలు, తక్కినది ఆయనే అడుగుతారు.